అకరణీయ సంఖ్యల నిషేధం

మా పెదగెడ్డ మున్సిపాలిటీలో ఒకటి, రెండు, మూడు అనే అంకెలు నేరమయ్యాయని చెబితే బయటి ఊరివాళ్ళు నమ్మరు. ఆ ఇరవై ఏడు రోజులూ ఊళ్ళో ఉన్నవాళ్ళం కాబట్టి మాకు నమ్మక తప్పలేదు.

అదంతా ధర్మబద్ధ పాలనా పక్షోత్సవాల్లో మొదలైంది. ప్రతి మున్సిపాలిటీ తన పాలనలో ఏదో ఒక అధర్మాన్ని గుర్తించి, తొలగించి, ఫొటోలతో సహా నివేదిక పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పక్క మున్సిపాలిటీవాళ్ళు ఆఫీసులోకి చెప్పులతో రావడం నిషేధించి అప్పటికే మంచి పేరు తెచ్చుకున్నారు. మా కమిషనర్ తాతా శ్రీహరినాథ్ గారికి మాత్రం పది రోజులు వెతికినా తొలగించదగ్గ అధర్మం దొరకలేదు. ఊళ్ళో అధర్మం లేదని కాదు. దొరికిన ప్రతిదాని కిందా ఎవరో ఒక పై అధికారి సంతకం ఉంది.

శ్రీహరినాథ్ గారు చెడ్డవారు కారు. లంచం ముట్టరు. మధ్యాహ్నం కునుకు తీయరు. వారి తండ్రి సంస్కృత పండితుడు కావడంతో మాటల మీద ఆయనకు మమకారం ఎక్కువ. ఫైలును దస్త్రం అంటారు, టీని తేనీరు అంటారు. ఒక మాట వింటే దాని అర్థం వెంటనే తేల్చేసుకుంటారు. తేల్చుకున్నాక మళ్ళీ ఎవరినీ అడగరు.

పదకొండో రోజున ఆయన మున్సిపల్ హైస్కూలు తనిఖీకి వెళ్ళారు. తొమ్మిదో తరగతిలో లెక్కల మేష్టారు పొట్నూరు సింహాచలం వాస్తవ సంఖ్యల పాఠం చెబుతున్నారు. నల్లబల్ల మీద ఎడమవైపు 'అకరణీయ సంఖ్యలు' అని రాసి, దాని కింద సున్న, ఒకటి, రెండు, మూడు, అర, ముప్పావు వేశారు. కుడివైపు 'కరణీయ సంఖ్యలు' అని రాసి రూట్ రెండు, రూట్ మూడు, రూట్ అయిదు, వృత్తాల లెక్కల్లో వచ్చే 'పై' వేశారు. కమిషనర్ గారు కిటికీ దగ్గరే నిలబడి ఆ బల్లను చాలాసేపు చూశారు. తర్వాత లోపలికి వచ్చి, ఈ ఎడమవైపువన్నీ అకరణీయాలేనా అని అడిగారు.

"అవునండి. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయమేనండి," అన్నారు మేష్టారు.

కమిషనర్ గారి ముఖం వెలిగింది. "అకరణీయం. అనగా చేయరానిది. చేయరానివని ప్రభుత్వమే అచ్చు వేయించి పిల్లలకు బోధిస్తూ ఉండగా, మన కార్యాలయంలో నూరేళ్ళుగా అవే వాడుతున్నామన్నమాట."

మేష్టారు నోరు తెరిచారు. కానీ ఆయన పదకొండేళ్ళు ఏజెన్సీలో పనిచేసి, ఎందరి కాళ్ళో పట్టుకుని, మూడు నెలల కిందటే సొంత ఊరికి బదిలీ చేయించుకున్నారు. ఆ పదకొండేళ్ళూ ఒక్కసారిగా గుర్తొచ్చి తెరిచిన నోరు మూసుకున్నారు. పిల్లలు మాత్రం లేచి చప్పట్లు కొట్టారు. తనిఖీకి ఎవరు వచ్చినా అలా కొట్టాలని వాళ్ళకు హెడ్మాస్టరు నేర్పారు.

ఆ సాయంత్రమే సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త విభాగాధిపతులకు తెలియజేయునది ఏమనగా, అకరణీయములని ప్రభుత్వముచే గుర్తింపబడిన సంఖ్యలను పురపాలక వ్యవహారములలో వినియోగించుట తక్షణము నిలుపుదల చేయడమైనది. ఇకపై కరణీయ సంఖ్యలు మాత్రమే స్వీకరింపబడును. ఉల్లంఘించువారు శాఖాపరమైన చర్యలకు పాత్రులగుదురు." సర్క్యులర్ నంబరు రూట్ రెండు. తేదీ వేయడానికి వీల్లేక 'నేడు' అని వేశారు. ఊళ్ళో కరణీయ సంఖ్య అంటే ఏమిటో తెలిసినవారు సింహాచలం మేష్టారు ఒక్కరే కాబట్టి, మధ్యాహ్నం పూట మున్సిపాలిటీలో సంఖ్యా శుద్ధి అధికారిగా కూర్చోమని ఆయనకు డెప్యుటేషన్ ఇచ్చారు. కుర్చీ ఇచ్చారు, బల్ల మీదికి పేరు రాసిన పలక కూడా ఇచ్చారు.

ఆఫీసువాళ్ళకు మొదట్లో పెద్ద ఇబ్బంది కనబడలేదు. ఉన్న అంకెకు ముందు రూటు గుర్తు పెడితే సరిపోతుందనుకున్నారు. వార్డులకు కొత్త నంబర్లు వేసే పని జూనియర్ అసిస్టెంటు ఒకాయన చేశాడు. ఒకటో వార్డు రూట్ రెండైంది, రెండోది రూట్ మూడైంది, మూడోది రూట్ నాలుగైంది. రూట్ నాలుగంటే అసలు రెండేనని, అది ముసుగు వేసుకున్న అకరణీయమని మేష్టారు మెల్లగా చెప్పారు. ఆ అసిస్టెంటును సాయంత్రానికే సస్పెండ్ చేశారు. నాలుగు, తొమ్మిది, పదహారు లాంటివన్నీ వదిలేసి మళ్ళీ మొదలుపెడితే ముప్పై ఒకటో వార్డు రూట్ ముప్పై ఏడు దగ్గర తేలింది. ఆ వార్డు కౌన్సిలరు తనకు ప్రమోషన్ వచ్చిందనుకుని స్వీట్లు పంచాడు.

తర్వాత వంతు ఇంజనీరుది. గుండ్రటి నీళ్ళ ట్యాంకు కొలతల్లో ఆయన 'పై'కి బదులు ఇరవై రెండు బై ఏడు వేశాడని తేలింది. అది 'పై' కాదు, 'పై'కి దగ్గరగా ఉండే మామూలు భిన్నం. "పై పేరు చెప్పుకుని కార్యాలయంలో సంచరిస్తున్న భిన్నము" అని మెమోలో రాసి సంజాయిషీ అడిగారు. తనకు స్కూల్లో మేష్టారు అలాగే చెప్పారని ఆయన జవాబిచ్చాడు. ఆ మేష్టారు ఎక్కడున్నారని ఇంకో మెమో వచ్చింది.

రోజూ గంటసేపు వదిలే కుళాయి నీళ్ళు రూట్ రెండు గంటలు వదలాలన్నారు. అది సుమారు గంటా ఇరవై అయిదు నిమిషాలు కాబట్టి జనం కమిషనర్ గారిని దీవించారు. రెండు రోజుల తర్వాత వాల్వు తిప్పే పైడయ్య ఆఫీసుకొచ్చి, సరిగ్గా ఎప్పుడు కట్టెయ్యాలని మేష్టారిని అడిగాడు. ఆ సంఖ్యకు దశాంశాలు రాస్తూ పోతే ఎక్కడా ఆగవని మేష్టారు ఉన్నమాట చెప్పారు. పైడయ్య ఆజ్ఞను అక్షరాలా పాటించే మనిషి. ఆ రోజు వాల్వు కట్టనే లేదు. గొల్లవీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలబడ్డాయి.

ఇవన్నీ మేము నవ్వుకుంటూ చూశాం. రవణమ్మ ఒక్కతే నవ్వలేదు.

యాగాటి రవణమ్మ బస్టాండు పక్కన పందొమ్మిదేళ్ళుగా టిఫిన్లు అమ్ముతోంది. ఆటోవాళ్ళూ, బస్సు కండక్టర్లూ, హైస్కూలు మేష్టర్లూ పొద్దున్నే ఆవిడ దగ్గరే తింటారు. కాలువ వెడల్పు చేయడానికి ఆవిడ పాకను తీసేసి, దానికి బదులు మార్కెట్ రోడ్డులో మూడు మీటర్లు బై నాలుగు మీటర్ల జాగా ఇచ్చారు. ముప్పై రోజుల్లో ప్లాను మంజూరు చేయించుకోకపోతే కేటాయింపు రద్దవుతుందని కాగితంలో రాశారు. ఈలోగా ఆవిడ తోపుడుబండి మీద ఇడ్లీలు పెట్టుకుని తిరుగుతోంది. ఎక్కడ ఆపినా పోలీసులు రోజుకు మూడు సార్లు కదిలిస్తున్నారు.

ప్లాను సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు ఉరిటి లక్ష్మీపతి ఆవిడ కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. వెడల్పు మూడు, పొడవు నాలుగు. మూల నుంచి మూలకు కొలిస్తే సరిగ్గా అయిదు. మూడూ అకరణీయాలే. ఇంత దోషమున్న ప్లాను తన సర్వీసులో చూడలేదన్నాడు. ఆ మూడూ నాలుగూ మీరిచ్చిన జాగా కొలతలే కదా అని ఆవిడ అడిగింది. జాగా నిషేధానికి రెండు రోజుల ముందు ఇచ్చినది, ప్లాను తర్వాత వచ్చినది అని అతను వివరించాడు. మరి ముప్పై రోజుల గడువు మాటేమిటంటే, అది పాత ముప్పై కాబట్టి చెల్లుతుందన్నాడు.

ఆవిడ ఆ కాగితం తెచ్చి సింహాచలం మేష్టారి బల్ల మీద పెట్టింది. మేష్టారికి సిగ్గనిపించింది. ఈ తతంగమంతా ఆయన నల్లబల్ల మీదే పుట్టింది. తను నోరు విప్పక్కర్లేకుండానే ఈవిడ పని అయిపోయే దారి ఏమైనా ఉందా అని ఆలోచించి, గది నాలుగు పక్కలా రూట్ ఎనిమిది మీటర్లు వేయమన్నారు. అది మూడు మీటర్లకు కాస్త తక్కువ కాబట్టి జాగాలో పడుతుంది. తాపీమేస్త్రి అప్పన్న తన టేపు మీద అలాంటి అంకె లేదన్నాడు. మేష్టారు ఎండలో నిలబడి, రెండు మీటర్ల గీత గీసి, దాని చివర మూలమట్టం పెట్టి ఇంకో రెండు మీటర్లు గీసి, ఆ చివర నుంచి ఈ చివరకు తాడు లాగించారు. ఆ తాడే రూట్ ఎనిమిది అన్నారు. అప్పన్న తాడును అటూ ఇటూ తిప్పి చూశాడు. టేపులో లేని అంకె తాడులో ఎలా దూరిందో తనకు అర్థం కాలేదని, అయినా గోడ నిలబడితే చాలని అన్నాడు.

లక్ష్మీపతి ఆ ప్లానును రెండు రోజులు ఉంచుకుని తిప్పి పంపాడు. రూట్ ఎనిమిదిని రూట్ ఎనిమిదితో గుణిస్తే వైశాల్యం ఎనిమిది వస్తోంది. మూల నుంచి మూలకు కొలిస్తే నాలుగు వస్తోంది. "భుజములు కరణీయములైనను ఫలితము అకరణీయమగుచున్నది" అని ఎర్ర సిరాతో రాశాడు. అంతవరకూ ప్లానులు తిరస్కరించడానికి అతనికి ఇంత బలమైన ఆధారం ఎప్పుడూ దొరకలేదు. లెక్కలంటే ఇష్టం కూడా పుట్టింది. సాయంత్రాలు తొమ్మిదో తరగతి పుస్తకం చదువుకుంటున్నాడని వాళ్ళావిడ అందరికీ చెప్పుకుంది.

మేష్టారు రాత్రంతా కూర్చుని ఒక పక్క రూట్ ఎనిమిది, ఇంకో పక్క రూట్ పది వేశారు. వైశాల్యం రూట్ ఎనభై. మూల నుంచి మూలకు రూట్ పద్దెనిమిది. చుట్టుకొలత ఎలా కూడినా కరణీయమే. ఈసారి ఎక్కడా దోషం లేదు. లక్ష్మీపతి ప్రతి లెక్కా రెండుసార్లు సరిచూసి తృప్తిగా తలాడించాడు. ఆ తర్వాత ఫారంలో పదకొండో గడికి వచ్చి ఆగాడు. అక్కడ 'ద్వారముల సంఖ్య' అని ఉంది. రవణమ్మ 'ఒకటి' అని రాయించింది.

అప్పటికి గడువు ఇంకొక్క రోజే ఉంది. ఆవిడ మేష్టారి దగ్గరికి వచ్చి బల్ల ముందు నిలబడింది. అరవలేదు, ఏడవలేదు.

"గుమ్మం ఒకటని రాత్తే ఒప్పరంట. రెండన్నా ఒప్పరంట. గుమ్మం లేదని రాత్తే సున్నా కూడా కూడదంట. నానే దారంట లోపలికెల్లాల మేష్టారూ?"

ఆవిడ ఆయన బల్ల మీది పేరు పలకకేసి చూసింది.

"మీరు రోజూ నా కాడ మూడిడ్లీలు తింతారు. రేపటి కాణ్ణించి ఎన్ని ఎట్టమంతారో మీరే సెప్పండి. అంకెలు మీ సేతిలో ఉన్నాయి గదా," అని కాగితం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మేష్టారికి అన్నం సయించలేదు. ఏజెన్సీ ఇంకో పదకొండేళ్ళు అంటే ఎన్ని రోజులో భార్య ముందు లెక్క కట్టారు. ఆవిడ అంతా విని, ఆ లెక్కలో కూడా అన్నీ ఒకట్లూ రెండ్లే ఉన్నాయి కదా, ఆఫీసువాళ్ళు దాన్ని మాత్రం ఎలా ఒప్పుకుంటారని అంది. బదిలీ ఉత్తర్వులో తేదీ వేయలేరు కదా అని కూడా అంది. మేష్టారు చాలా రోజుల తర్వాత నవ్వారు.

మర్నాడు ప్రాంతీయ సంచాలకులు పరాంకుశం గారు మా మున్సిపాలిటీకి ప్రశంసాపత్రం ఇవ్వడానికి వచ్చారు. కౌన్సిల్ హాలులో పూలదండలూ, సన్నాయి ఏర్పాటు చేశారు. ఈ సంస్కరణ వల్ల ఎంతమందికి లబ్ధి చేకూరిందని ఆయన అడిగితే, లక్షకు స్వల్పంగా పైన ఉండే ఒక కరణీయ సంఖ్యమందికి అని కమిషనర్ గారు విన్నవించారు. పెండింగు ఫైళ్ళు ఎన్ని అని అడిగితే, సున్న అని చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవన్నారు. పరాంకుశం గారు ఎంతో మెచ్చుకుని, ఇటువంటి నిబద్ధత తమ ముప్పై ఏళ్ళ అనుభవంలో చూడలేదని చెప్పబోయి, ముప్పై దగ్గర నాలుక కరుచుకుని, సుదీర్ఘ అనుభవంలో అన్నారు.

అప్పుడు సింహాచలం మేష్టారు వెనక వరసలోంచి లేచారు. చేతిలో రవణమ్మ కాగితం ఉంది.

"అకరణీయం అంటే చెయ్యకూడనిది కాదండి," అన్నారు. "కరణి అంటే తేలని వర్గమూలం. రూట్ రెండు ఉందనుకోండి, ఏ భిన్నంగా రాద్దామన్నా కుదరదు, దశాంశాలు వేసుకుంటూ పోతే ఎక్కడా ఆగదు. అలాంటివి కరణీయాలు. ఆ పేచీ లేకుండా భిన్నంగా రాయగలిగినవన్నీ అకరణీయాలు. మనం గుమ్మాలు లెక్కపెట్టేవీ, ఇడ్లీలు లెక్కపెట్టేవీ అవేనండి. ఇంగ్లీషులో వాటిని రేషనల్ అంటారు. ఇన్నాళ్ళుగా మనం నిషేధించింది రేషనల్ నంబర్లనండి."

హాలులో సన్నాయి కూడా ఆగింది. రూట్ ముప్పై ఏడో వార్డు కౌన్సిలరు కంగారుగా లేచి, తన వార్డులో రేషన్ ఎప్పుడు ఆపారని నిలదీశాడు. అతన్ని కూర్చోబెట్టారు.

కమిషనర్ గారి ముఖం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. "ఈ సంగతి మొదటి రోజునే ఎందుకు చెప్పలేదు?" అని మెల్లగా అడిగారు.

"భయపడ్డానండి," అన్నారు మేష్టారు.

ఆ సమాధానం కమిషనర్ గారికి బాగా తెలిసిన భాషలోనే ఉంది.

ఇబ్బంది పరాంకుశం గారికి వచ్చింది. ఈ సంస్కరణను రాష్ట్రమంతటా అమలు చేయవలసిందిగా ఆ ఉదయమే ఆయన పైకి సిఫారసు పంపారు. ఉత్తర్వును రద్దు చేస్తే పొరపాటు జరిగినట్టవుతుంది. పొరపాటు జరిగితే ఎవరిదో ఒకరిది కావాలి. ఆయన కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు ఆలోచించి, ఉత్తర్వు యథాతథంగా అమలులో ఉంటుందనీ, వివరణాత్మక సవరణ ఒకటి మాత్రం చేర్చాలనీ సెలవిచ్చారు. సవరణ అక్కడికక్కడే టైపు చేయించారు. "పై ఉత్తర్వులో 'అకరణీయ' అని ఉన్నచోట్ల 'కరణీయ' అనియు, 'కరణీయ' అని ఉన్నచోట్ల 'అకరణీయ' అనియు చదువుకొనవలెను. ఈ మార్పు ఆదినుండియు ఉన్నట్లుగనే భావింపవలెను."

సవరణ మీద సంతకం ఆరకముందే లక్ష్మీపతి రూట్ ఎనిమిది బై రూట్ పది ప్లానును చట్టవిరుద్ధమని పక్కన పెట్టి, మొదటి మూడు బై నాలుగు ప్లాను వెతికి తీసి మంజూరు ముద్ర కొట్టాడు. కరణీయాలతో కాస్త చనువు ఏర్పడిందేమో, పక్కన పెట్టిన కాగితాన్ని చింపకుండా సొరుగులో దాచుకున్నాడు. రూట్ నాలుగు వేసినందుకు సస్పెండైన అసిస్టెంటును దూరదృష్టి కలవాడని వెనక్కి పిలిచారు. ఇరవై రెండు బై ఏడు వేసిన ఇంజనీరుకు అభినందన లేఖ వచ్చింది. అది చదివి ఆయన భయపడి సెలవు పెట్టాడు. గుండ్రటి నీళ్ళ ట్యాంకు ఇప్పుడు 'పై' వల్ల నిషిద్ధమవుతోంది కాబట్టి దాన్ని పగలగొట్టాలా అని ఎవరో అడిగారు. ఇంజనీరు సెలవు నుంచి వచ్చాక చూద్దామన్నారు. హైస్కూల్లో పిల్లలకు మాత్రం కొంచెం కష్టమైంది. పరీక్షలో పుస్తకం ప్రకారం రాయాలా, మున్సిపాలిటీ ప్రకారం రాయాలా అని అడిగారు. పుస్తకం ప్రకారమే రాయమని మేష్టారు గట్టిగా చెప్పారు.

బదిలీ రాలేదు. మేష్టారిని బదిలీ చేయాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే పొరపాటు ఒప్పుకున్నట్టు అవుతుంది.

నెలన్నర తర్వాత మార్కెట్ రోడ్డులో రవణమ్మ హోటలు తెరిచింది. సున్నం వాసన ఇంకా పోలేదు. ఏడింటికే బల్లలన్నీ నిండాయి. ఎనిమిది కావస్తూండగా కమిషనర్ శ్రీహరినాథ్ గారు డ్రైవరు లేకుండా నడుచుకుంటూ వచ్చి, సింహాచలం మేష్టారి పక్కన చోటు చూసుకుని కూర్చున్నారు. మేష్టారు లేవబోతే చేయి పట్టి ఆపారు. రవణమ్మ ఇద్దరి ముందూ ఆకులు వేసి, ఎవరో తెలిసినా తెలియనట్టే, చట్నీ కారంగా ఉంటుందని ఆయనకు ముందే చెప్పింది.

కమిషనర్ గారు ఒక ఇడ్లీ తిన్నాక గొంతు తగ్గించి, చాలా రోజులుగా తనకో సందేహం ఉందన్నారు. తను కూడా ఆ తొమ్మిదో తరగతి పుస్తకం తెప్పించి మొదటి అధ్యాయం చదివారట. దశాంశం ఎక్కడా అంతం కాకపోతే అది కరణీయమని గ్రహించారట. అప్పటినుంచి ఆఫీసులో కూర్చుంటే మనశ్శాంతి లేదట.

"ఎందుకండీ?" అన్నారు మేష్టారు.

"మన దస్త్రములు కూడా ఎక్కడా అంతం కావు కదా. సవరణ ప్రకారం అవన్నీ నిషిద్ధములు కావలెను."

మేష్టారు ఆయన ముఖంలోకి చూశారు. ఆయన హాస్యానికి అడగడం లేదు. పుస్తకం నిజంగానే చదివారు, కాకపోతే ఒక పేజీ ముందే ఆపేశారు.

"అంతం కాకపోవడం ఒక్కటే చాలదండి," అన్నారు మేష్టారు. "వచ్చిన అంకెలే మళ్ళీ మళ్ళీ అదే వరసలో తిరుగుతుంటే దాన్ని ఆవర్తన దశాంశం అంటారు. ఒకటిని మూడుతో భాగిస్తే మూడు మూడు మూడు అని వస్తూనే ఉంటుంది చూడండి, అలాగ. అది ఎప్పటికీ ముగియదు గానీ రేషనలేనండి. మన ఫైలు అంతం కాదు, నిజమే. కానీ రోజూ అవే బల్లల మీదికి, అదే వరసలో తిరిగి వస్తుంది కదండి."

కమిషనర్ గారు ఆ మాట రెండుసార్లు లోలోపల చెప్పుకున్నారు. నెల రోజులుగా లేని ప్రశాంతత ఆయన ముఖంలోకి వచ్చింది. జేబులోంచి పుస్తకం తీసి రాసుకుని, రవణమ్మను పిలిచి ఇంకో రెండు ఇడ్లీలు వేయమన్నారు.

సోమవారం ఉదయం కొత్త సర్క్యులర్ వచ్చింది. దస్త్రములు త్వరగా పరిష్కరింపబడుట లేదని ప్రజలు చేయుచున్న ఫిర్యాదులు నిరాధారములనియు, అవి ఆవర్తన స్వభావము కలవి కావున నిబంధనలకు పూర్తిగా లోబడియే తిరుగుచున్నవనియు అందులో ఉంది. దాని నకలు ప్రతి సెక్షన్ బల్ల మీదికీ పంపి, అందరూ చదివినట్టు సంతకం చేసి, మళ్ళీ మొదటి బల్లకే చేర్చమన్నారు.